పేగు చివరి పద్నాలుగు సెంటీమీటర్లు

జూన్ 4, శనివారం

మగపిల్లవాడు. మూడు కిలోల నూటయాభై గ్రాములు. మరిసెల్ బాగుంది. ముప్పై తొమ్మిదేళ్ళకి నా చెల్లెలు తల్లయింది. ఎంత గాలి లేచినా లాంచీ నడిపే వాళ్ళాయన ఎలిసెయో, ఆసుపత్రి వరండాలో గోడకి ముఖం ఆనించి ఎక్కెక్కి ఏడ్చాడు. "ఏమిటయ్యా ఇది, ఊరుకో" అంటే, "నేను ఏడవట్లేదు వదినా, జలుబు" అన్నాడు.

పేరు అమారో అని పెట్టారు.

ఈసారి నేను పనిచేసే ప్రయోగశాల మాట ఒక్కటి కూడా నా నోట రాకూడదు. ఒట్టు. రెండేళ్ళ కిందట నాలుగో నెల స్కాను చూసి "ఇందులో ఏదో తేడా ఉంది" అన్నది నేనే. తేడా ఉన్న మాట నిజం. ఆ పాప దక్కకపోవడమూ నిజం. కాని మరిసెల్‌కి గుర్తుండిపోయింది నా మాటే. ఆ తర్వాత ఏడాదిపాటు ఒకే ఇంట్లో ఉంటూ, ఉప్పు అందించమని కూడా నన్ను అడగలేదు.

జూన్ 5

పాలు బాగా తాగుతున్నాడు. పుట్టగానే పోవలసిన నల్ల విరేచనం ఇంకా పోలేదు. ఒక్కరోజే కదా అయింది.

జూన్ 6, సోమవారం

ఇంటికి పంపేశారు. పొద్దున నర్సు మలద్వారంలో థర్మామీటరు పెట్టినప్పుడు కొంచెం నల్లగా అంటుకుని వచ్చిందట. కాగితంలో విరేచనం అయింది అని రాశారు. ఆ కాగితం నేనూ చూశాను. అయింది అనే ఉంది.

నియెబ్లా రేవు నుంచి మా ఊరు కొర్రాల్‌కి లాంచీలో అరగంట. వాన పడుతూనే ఉంది. పిల్లవాడిని మరిసెల్ తన కోటు లోపల పెట్టుకుంది. బయటికి వాడి ముక్కు ఒక్కటే కనిపించింది. లాంచీలో తెలియనివాళ్ళు కూడా వంగి వంగి ఆ ముక్కుని చూసి వెళ్ళారు.

జూన్ 8

ఎలిసెయో వాళ్ళమ్మ క్లోరిందా అత్త దిగింది. రెండు కోళ్ళు, ఒక సంచీ బంగాళాదుంపలు, చెట్టు మందుల మూట ఒకటి. వచ్చీరాగానే పిల్లవాడి పొట్ట మీద రెండు వేళ్ళతో తట్టి చెవి ఒగ్గింది.

"డోలు మోగినట్టు మోగుతోందేంటే అమ్మాయ్?"

"గాలి అత్తా. పాలు తాగేటప్పుడు గాలి మింగుతాడు" అన్నాను.

నేనే అన్నాను. అడగకుండానే.

జూన్ 10, శుక్రవారం

ఇంట్లో ఇవాళ పండగే. ఇది రాసుకోవాలి.

రెండు రోజులుగా వాడికి విరేచనం కాలేదు. పాలు కూడా సగంలో వదిలేస్తున్నాడు. మధ్యాహ్నం క్లోరిందా అత్త పెరట్లోంచి కొత్తిమీరలాంటి పార్స్లీ కాడ తెంచుకొచ్చి, నూనెలో ముంచింది. "మా ఎలిసెయోకి ఇదే చేశా, వాళ్ళన్నకీ ఇదే చేశా. జరగండి" అంది. మరిసెల్ కాళ్ళు పట్టుకుంది. అత్త కాడ కొనని మలద్వారం దగ్గర అలా పెట్టి, ఇలా తిప్పిందో లేదో, ఫట్‌మని గాలి, దాని వెనకే ధారలా విరేచనం. అత్త రవిక మీద, బల్ల మీద, గోడకున్న క్యాలెండరు మీద పడింది. పిల్లవాడి పొట్ట చూస్తుండగానే మెత్తబడింది.

ముగ్గురూ నవ్వీ నవ్వీ కూలబడ్డారు. ఎలిసెయో, "అబ్బో, నా కొడుకు ఫిరంగి పేల్చాడు, పాత కోటలో ఉన్నవాటికంటే వీడే నయం" అన్నాడు. రవిక మార్చుకోకుండానే అత్త అందరికీ మాతే ఆకుల టీ కాచి పోసింది.

నేనూ నవ్వాను. గోడ తుడిచే పని నేను తీసుకున్నాను, ముఖం అటు తిప్పుకోవచ్చని.

అలా వేలుగానీ కాడగానీ తగలగానే ఒక్కసారిగా పేలినట్టు రావడం అనేది ఒకటుంది. దానికి ఒక పేరుంది. ఆ పేరు నేను ఇక్కడ రాయను. ఎలుకల్లో చూసీ చూసీ నా కళ్ళు పాడయ్యాయి. ఎవరి పొట్ట చూసినా అదే కనిపిస్తుంది.

జూన్ 11

పిల్లవాడు బాగున్నాడు.

జూన్ 12

పిల్లవాడు బాగున్నాడు. పొట్ట కొంచెం గట్టిగా ఉంది. పసివాళ్ళ పొట్టలన్నీ అంతే.

జూన్ 13, సోమవారం

సెలవు అయిపోయి పనికి వెళ్ళాను. ఇరవైరెండేళ్ళుగా చేస్తున్న పనే: ఎలుక గర్భంలోంచి పిండాన్ని తీయడం, పిండంలోంచి దారప్పోగంత పేగుని చిరగకుండా తీయడం, నాడీకణాలు అందులో ఎంతదూరం నడిచాయో కొలవడం.

పెంపకం గదిలో మచ్చల ఎలుకల బోను దగ్గర ఆగిపోయాను. తెల్ల మచ్చలతో పుట్టే ఆ జాతి పిల్లల్లో కొన్నిటికి మూడు వారాలు నిండకుండానే పొట్ట ఉబ్బుతుంది. నాడీకణాలు పేగు చివరిదాకా చేరవు. చేరని చోట పేగు బిగుసుకుపోయి కదలదు. దానికి పైనున్నదంతా ఉబ్బిపోతుంది. ఇవాళ ఒకటి మూలన ఒదిగి కూర్చుంది. వీపు గూనిలా వంచుకుని, కళ్ళు సగం మూసుకుని. పొద్దున ఇంట్లో పిల్లవాడి కళ్ళు కూడా అలాగే సగం మూసుకుని ఉన్నాయి.

మా ప్రయోగశాల పెద్ద డాక్టర్ ఫ్రెస్యా వెనకనుంచి వచ్చి భుజం తట్టారు. "చెల్లెలి బిడ్డ ఎలా ఉన్నాడు ఓతీలియా?"

"బాగున్నాడు డాక్టర్ గారూ."

"మరి నువ్వేంటి ఇలా ఉన్నావ్?"

"నిద్ర లేదండీ. పసిపిల్లాడు కదా ఇంట్లో."

ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి వెళ్ళిపోయారు. అప్పుడు చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా.

జూన్ 14, మంగళవారం

ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను.

పొద్దున ఏడింటికి అమారో ఆకుపచ్చగా కక్కాడు. ఒళ్ళు కాలిపోతోంది. పొట్ట మీద నరాలు నీలంగా తేలాయి. క్లోరిందా అత్త కర్పూరం నూనె వేడిచేస్తూ, "అరగలేదు, అంతే. వీపు చర్మం పట్టి లాగితే దిగిపోద్ది" అంటోంది. మరిసెల్ నావైపు చూసింది. ఇన్ని రోజుల్లో మొదటిసారి తనే అడిగింది.

"అక్కా, ఇది మామూలేనా?"

"కాదు. ఇప్పుడే బయల్దేరాలి" అన్నాను.

గాలి ఎక్కువని రేవులో చిన్న పడవలన్నీ ఆపేశారు. రోగుల లాంచీ అవతలి ఒడ్డున ఉంది, వచ్చేసరికి గంట పడుతుందన్నారు. ఎలిసెయో రేవు అధికారి ముందు నిలబడి ఒక్కటే మాట అన్నాడు. "నా బిడ్డని నేను తీసుకెళ్తున్నా. తర్వాత నా పడవ లాక్కోండి." ఆయన పిల్లవాడి ముఖం చూసి, రేడియో తీసుకుని, అవతల ఆంబులెన్సు సిద్ధంగా ఉంచమని చెప్పాడు.

లాంచీలో మేం నలుగురమే. నీళ్ళు లోపలికి కొడుతున్నాయి. అత్త కళ్ళు మూసుకుని మేరీమాతను పిలుస్తోంది. నేను మరిసెల్ నడుం పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు చెప్పాను. గాలికి వినబడదేమోనని చెవి దగ్గరికి వెళ్ళి మరీ చెప్పాను.

"నాకు పార్స్లీ రోజునే అనుమానం వచ్చింది. అంతకు ముందే వచ్చింది. నేను చెప్పలేదు."

మరిసెల్ తల తిప్పలేదు.

"నీకేం అనుమానం వచ్చింది?"

"వాడి పేగు చివర నాడీకణాలు లేవేమోనని. అవి లేకపోతే ఆ ముక్క కదలదు. పైనుంచి వచ్చిందంతా అక్కడే ఆగిపోతుంది."

"ఎన్ని రోజులైంది?"

"ఎనిమిది."

అవతలి ఒడ్డు చేరాం. దిగేటప్పుడు నేను చెయ్యి అందిస్తే మరిసెల్ పట్టుకోలేదు. క్లోరిందా అత్త చెయ్యి పట్టుకుని దిగింది.

జూన్ 15

బతుకుతాడన్నారు. పేగుకి ఇన్ఫెక్షన్ పట్టింది. సన్నటి గొట్టం పెట్టి, గోరువెచ్చటి సెలైన్‌తో పేగు కడిగారు. మూడోసారి కడిగాక పొట్ట దిగింది. ఇంకొక రోజు ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం అన్నాడు కుర్ర డాక్టరు. ఆ మాట మరిసెల్ ముందే అన్నాడు.

జూన్ 17

మరిసెల్ మాట్లాడటం లేదు. పాలు సీసాలోకి పిండి నా చేతికిస్తుంది, నా చేతివైపు చూడకుండా. ఎలిసెయో మధ్యలో నలిగిపోతున్నాడు. ఇవాళ క్యాంటీన్ నుంచి నాకోసం రొట్టె పట్టుకొచ్చి, "వదినా, దానికి కొంచెం టైమివ్వు" అన్నాడు.

"నీకు కోపం లేదా నా మీద?"

"ఉంది. కానీ నువ్వు చెప్పుంటే మేం నమ్మేవాళ్ళమా అని కూడా ఆలోచిస్తున్నా. మరిసెల్ నిన్ను ఇంట్లోంచి తరిమేసేది."

అదే నా సాకు. ఎలిసెయో నోటితో వింటే ఎంత చిన్నదిగా ఉందో.

జూన్ 20

పేగు చివరనుంచి మూడు చిన్న ముక్కలు తీసి పరీక్షకి పంపారు. ఒక్క నాడీకణం కనిపించినా చాలు, ఈ జబ్బు కాదని తేలిపోతుంది. కనిపించవచ్చు. ఇన్ఫెక్షన్ వల్ల కూడా పొట్ట ఉబ్బుతుంది. చాలా కారణాలు ఉంటాయి.

జూన్ 22, బుధవారం

ముక్కలు పరీక్షించేది డాక్టర్ సాల్దీవియా. అరవై దాటినాయన. మా ప్రయోగశాలకి అప్పుడప్పుడూ వస్తారు, నన్ను ఎరుగుదురు. నేను తలుపు దగ్గర నిలబడి ఉంటే లోపలికి పిలిచి, రెండు తలలున్న మైక్రోస్కోపు దగ్గర ఎదుటి కుర్చీ చూపించారు. "కూర్చోండి ఓతీలియా. నేను చెబితే మీరు నమ్మరు. మీరే చూడండి."

గాజు పలకల మీద ఎనభై సన్నటి కోతలు. పలకలు ఒక్కొక్కటే జరిపారాయన. కండరం పొర బాగానే ఉంది. రెండు కండరాల మధ్య, కణాలు గుంపుగా కాపురం ఉండాల్సిన చోట, లావెక్కిన నరాల తాళ్ళు మాత్రం ఉన్నాయి. గుంపులు లేవు. ముప్పయ్యవ పలక. నలభై. నా మెడ పట్టేసింది. అరవై రెండో దాంట్లో ఒక మూలన గుండ్రంగా, పెద్దగా ఒకటి కనిపించింది.

"ఆగండి. అదిగో, అది! అది నాడీకణమే!"

ఆయన అద్దం మార్చి పెద్దది చేసి చూపించారు.

"అది రక్తనాళం గోడ ఓతీలియా."

"అంచు చూడండి, కేంద్రకం కూడా..."

"ఎలుకలో అయితే దీన్ని ఏమని రాసేవారు?"

"రక్తనాళం" అన్నాను.

మిగతా పద్దెనిమిదీ కూడా చూశాం. ఆయన నాకు రుమాలు ఇచ్చారు. "రిపోర్టు మధ్యాహ్నం వెళ్తుంది. మీ చెల్లెలికి మీరు ముందు చెబుతారా, డాక్టర్లు చెప్పాలా?"

నేనే చెబుతానన్నాను.

చెప్పాను. ఆసుపత్రి వెనక మెట్ల మీద, వానలో, ఎవరూ లేనిచోట. ఆ ముక్క కోసేసి, బాగున్న పేగుని కిందికి లాగి కుడతారనీ, ఎక్కువమంది పిల్లలు బాగానే పెరుగుతారనీ, కాని కొందరికి తర్వాత కూడా ఇబ్బందులు ఉంటాయనీ చెప్పాను. ఈసారి ఏదీ దాచలేదు. మరిసెల్ అంతా విని, నా భుజం మీద రెండు పిడికిళ్ళతో కొట్టింది. గట్టిగానే కొట్టింది. తర్వాత అదే భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

జూన్ 25, శనివారం

ఇంటికి వచ్చాం. ఆపరేషన్ జూలై 12న. అప్పటిదాకా రోజుకి రెండుసార్లు పేగు కడగాలి. నర్సు మరిసెల్‌కి నేర్పబోతే తన చేతులు వణికాయి. ఎలిసెయో వేళ్ళు మోకు పట్టే వేళ్ళు. మరిసెల్ నర్సుతో అంది: "మా అక్కకి నేర్పండి. తన చేతులు సన్నని పని చేస్తాయి."

"మా అక్క" అంది.

జూన్ 26

ఉదయం: బాగా వచ్చింది. సాయంత్రం: కొంచెం. పొట్ట మెత్తగా ఉంది. కడుగుతున్నంతసేపూ మరిసెల్ వాడికి పాట పాడుతుంది, ఒక్క స్వరం కూడా నిలకడగా ఉండదు. వాడు కళ్ళు పెద్దవి చేసుకుని నా ముఖమే చూస్తాడు. గొట్టం పట్టుకున్న మనిషిని అంత నమ్మకంగా ఎలా చూస్తాడో.

జూన్ 28, మంగళవారం

నిన్న గొట్టం కడిగి ఆరబెడుతుంటే మరిసెల్ వచ్చి పక్కన నిలబడింది. "ఇరవైరెండేళ్ళు నువ్వు అక్కడ ఏం చేస్తున్నావో నేనెప్పుడూ అడగలేదు. ఎలుకలు కోస్తావని అందరికీ చెప్పుకునేదాన్ని. నాకు చూపించు."

ఇవాళ పిల్లవాడిని అత్త దగ్గర వదిలి ఇద్దరం వల్దీవియాలో మా ప్రయోగశాలకి వెళ్ళాం. డాక్టర్ ఫ్రెస్యా మాకోసం చీకటి గదిలో తెర సిద్ధంగా పెట్టి, "ఇది మీ అక్క తీసిన పేగే. ఈ ఊళ్ళో ఇంత శుభ్రంగా ఇంకెవరూ తీయలేరు" అని చెప్పి, తలుపు వేసి వెళ్ళిపోయారు.

పదకొండున్నర రోజుల ఎలుక పిండం పేగు. నాడీకణాలు మాత్రం ఆకుపచ్చగా వెలిగేలా చేసినవి. ఒకరోజు నడకని రెండు నిమిషాలకి కుదించిన చిత్రం. నల్లటి తెర మీద ఎడమనుంచి పచ్చటి చుక్కలు బయల్దేరాయి.

"ఇవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?"

"మెడ దగ్గర్నుంచి. వెన్నుపాము తయారయ్యే చోట పుడతాయి. అక్కణ్ణుంచి గొంతులోకి దిగి, పేగు గోడ పట్టుకుని కిందిదాకా నడుస్తాయి. ఎలుకలో ఐదు రోజులు పడుతుంది. మనుషుల్లో నాలుగో వారం నుంచి ఏడో వారం దాకా."

"ఒక్కటీ ఒంటరిగా పోవట్లేదేంటి?"

అది నేను మొదటి ఏడాది అడిగిన ప్రశ్నే. "ఒకదాన్నొకటి పట్టుకుని గొలుసులా పోతాయి. ఒంటరిగా విడిపోయినది ఎక్కువ దూరం పోలేదు. చూడు, అదిగో, ఒకటి వెనక్కి తిరిగింది."

"ఏదో మర్చిపోయినట్టుందిగా." మరిసెల్ నవ్వింది. నవ్వి, వెంటనే ఆపేసింది. "మరి మనవాడివి ఎందుకు ఆగిపోయాయి? అలిసిపోయాయా?"

"అవి నడుస్తుండగానే పేగు కూడా పొడుగు పెరుగుతూ ఉంటుంది. నడిచేవి తక్కువైనా, కొంచెం ఆలస్యమైనా, చివరి భాగం ఈలోగా మారిపోయి ఇక నడవనివ్వదు. కొన్నిసార్లు పుట్టుకలో వచ్చిన చిన్న తేడా వల్ల. చాలాసార్లు ఎందుకో మాకూ తెలీదు."

"ఇరవైరెండేళ్ళ తర్వాత కూడా?"

"ఇంకా తెలీదు."

తను తెర దగ్గరికి జరిగి, కుడివైపు నల్లగా ఉన్న చివరి భాగం మీద అరచెయ్యి పెట్టింది. చుక్కలు వచ్చి వచ్చి తన చేతి కింద దూరాయి.

"ఇవి చేరాయి" అంది.

"ఇవి చేరాయి."

మళ్ళీ వెయ్యమంది. మొత్తం ఏడుసార్లు చూశాం.

జూలై 2, శనివారం

పొద్దున్నే మరిసెల్ వంటింట్లో రొట్టెల పిండి మధ్యలో వదిలేసి కూర్చుంది. "ఆ వారాల్లో నేను చేపల పెట్టెలు మోశానక్కా. కడుపుతో ఉన్నానని తెలీక. ఒకరోజు మెట్ల మీద జారాను కూడా. వైను కూడా తాగుంటా. నావల్లే కదా?"

కాదని పదిసార్లు చెప్పాను. తనకి ఎక్కలేదు. అప్పుడు లోపలికి వెళ్ళి నిరుటి డైరీ తెచ్చాను. అందులోది ఒక్క అక్షరం కూడా ఎవరికీ చూపించకూడదనుకున్నదాన్ని. వేళ్ళతో లెక్కపెట్టాను. నాలుగోవారం నుంచి ఏడోవారం అంటే అక్టోబరు రెండో శనివారం నుంచి నెలాఖరు దాకా. ఒక్కో పేజీ తనకి చదివి వినిపించాను.

"అక్టోబరు 12. వాన. మరిసెల్ పెరట్లో బంగాళాదుంపలు నాటింది. అక్టోబరు 17. మరిసెల్‌కి పొగబెట్టిన చేప వాసన పడటం లేదట, చేపలమ్మే మనిషికి ఇదేం రోగమని ఎలిసెయో ఏడిపించాడు. అక్టోబరు 21. మరిసెల్ రెండు ప్లేట్లు తిని, నాది కూడా తింది. అక్టోబరు 26. మరిసెల్ నాతో మాట్లాడింది. గొడుగు తీసుకెళ్ళమంది. ఏడాది తర్వాత మొదటి మాట."

ఇద్దరం ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాం.

"నువ్వు ఇది రాసుకున్నావా?"

"రాసుకున్నా."

"ఒట్టి గొడుగు మాటని?"

తను పిండి చేతులతోనే పేజీ మూసింది. "వాడు లోపల ఆ పనిలో ఉన్నప్పుడు నేను బంగాళాదుంపలు నాటుతున్నానన్నమాట."

"అంతే. నువ్వు చేసిందల్లా అదే."

"అక్కా, ఇంకెప్పుడైనా నీకు ఏమైనా అనుమానం వస్తే చెప్పు. నేను అరుస్తా. గిన్నెలు విసురుతా. అయినా చెప్పు."

జూలై 9

ఉదయం బాగా వచ్చింది. సాయంత్రం బాగా వచ్చింది. మూడు కిలోల తొమ్మిదివందలు.

జూలై 12, మంగళవారం

ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్ళారు. ట్రాలీ మీద వాడు అరచెయ్యంత ఉన్నాడు.

సర్జను పేగుని కిందనుంచి లాగుతూ, కొంచెం కొంచెం పైన ముక్కలు తీసి పంపిస్తుంది. సాల్దీవియా వాటిని గడ్డకట్టించి, కోసి, అప్పటికప్పుడే చూసి ఫోను చేస్తారు. నాడీకణాలు మొదలైన చోటికి పైన కోసి కుట్టాలి. ఒకవేళ ఎంత పైకి వెళ్ళినా కణాలు దొరక్కపోతే, పేగంతా తీసి పొట్ట మీద సంచీ పెట్టాల్సి వస్తుంది. ఇదంతా నేను ముందే మరిసెల్‌కి చెప్పాను.

వరండాలో నలుగురం కూర్చున్నాం. తొమ్మిదిన్నరకి నర్సు బయటికి వచ్చి, "మొదటి ముక్కలో లేవు" అంది. పదికి, "రెండోదాంట్లోనూ లేవు." ఎలిసెయో లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు. క్లోరిందా అత్త జపమాల చేతిలో పట్టుకుని నావైపు వంగింది.

"అమ్మాయ్, ఆ సన్న సన్న జీవాలు మెడ దగ్గర్నుంచి వస్తాయన్నావు కదా. కిందిదాకా రమ్మని అడగాలా, ఉన్నచోటే కనిపించమని అడగాలా? సరిగ్గా చెప్పు, నేను తప్పు అడక్కూడదు."

"ఉన్నచోటే కనిపించమని అడగండి అత్తా. అవి ఎప్పుడో ఆగిపోయాయి. కాస్త కిందే ఆగి ఉండాలి."

ఆమె మేరీమాతను అలాగే అడిగింది. గట్టిగానే, పేరు పెట్టి, పక్క బల్ల వాళ్ళు తిరిగి చూసేలా అడిగింది.

పదీ నలభైకి సాల్దీవియా తనే పైకి వచ్చారు. ఫోను చేసేసి, తెల్లకోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా, మెట్లెక్కి వచ్చారు. నావైపు కాదు, మరిసెల్ వైపు చూసి చెప్పారు: "దొరికాయమ్మా. గుంపులు గుంపులుగా ఉన్నాయి, చాలా అందంగా ఉన్నాయి. పద్నాలుగు సెంటీమీటర్లు. అంతే తీస్తున్నారు."

ఎలిసెయో రెండు చేతులూ చాపి, పద్నాలుగు సెంటీమీటర్లు ఎంతో గాలిలో కొలిచాడు. ఆ కొలతని అలాగే పట్టుకుని చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

జూలై 13

ఏమీ కాలేదు. విరేచనం ఇవాళ్టికి కాకపోవచ్చు. మరిసెల్ అడిగింది, "నిజం చెప్పు, భయపడాలా?" నిజమే చెప్పాను. "రేపు సాయంత్రం దాకా వద్దు. అప్పటికీ కాకపోతే నేనూ భయపడతా."

జూలై 14, గురువారం

మధ్యాహ్నం రెండుంబావు. మరిసెల్ వాడిని ఒళ్ళో పెట్టుకుని జోకొడుతోంది, నేను సీసా కడుగుతున్నాను. వాడి ముఖం ఎర్రబడింది. కనుబొమలు ముడిచాడు, కాళ్ళు ముడిచాడు, ఎక్కడో దూరంగా ఏదో వింటున్నట్టు కదలకుండా ఉన్నాడు. ఎవరూ ఏదీ పెట్టలేదు. గొట్టం లేదు, కాడ లేదు. వాడంతట వాడే.

మరిసెల్ డైపరు విప్పి చూసింది. ఆవపిండి రంగులో, చెంచాడు.

"అక్కా, ఇది మామూలేనా?"

"మామూలే" అన్నాను. "ఇది పూర్తిగా మామూలే."

ఆ మాట తను మూడుసార్లు చెప్పించుకుంది.

జూలై 21, గురువారం

ఇంటికి వచ్చాం. గాలి లేదు, అఖాతం అద్దంలా ఉంది. ఇవాళ ఎలిసెయో లాంచీ నడపలేదు, మాతోపాటు ప్రయాణికుల బెంచీ మీదే కూర్చున్నాడు. మొత్తం పదకొండుమందిమి. సగం దారిలో అమారో ముఖం ఎర్రబడింది. ఆ తర్వాత లాంచీ అంతా కంపు. డైపరు దాటి, శాలువా దాటి, ఎలిసెయో మంచి కోటు మీదికి వచ్చేసింది. బజారు సంచులతో ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ముక్కు మూసుకుని, "దేవుడా, ఆ పిల్లాడికి ఏం పెట్టారే మీరు?" అంది.

మరిసెల్ లేచి నిలబడింది. ఊగే పడవలో, వాడిని రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, అందరికీ వినబడేలా చెప్పింది:

"ఏమనుకోకండమ్మా, ఆరువారాలు ఎదురుచూశాం ఈ వాసన కోసం. బాగా పీల్చుకోండి!"